కొండకు బయలుదేరే ముందు



చలికాలం వచ్చిందంటే మన గోపాలపట్నం రహదారి మీద శని, ఆదివారాల్లో తెల్లవారకముందే మోటారు సైకిళ్ళ మోత వినిపిస్తుంది. పదిమంది, ఇరవైమంది యువకులు జట్టుగా పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాటీ ఎక్కి అరకు చేరతారు. మరికొందరు చోడవరం, మాడుగుల దాటి, పాడేరు మీదుగా వంజంగి కొండకు వెళతారు. సూర్యోదయ వేళ అక్కడ లోయ నిండా మబ్బులు పరచుకుని సముద్రంలా కనిపిస్తాయి. ఆ దృశ్యం కోసం అర్ధరాత్రి దాటగానే నిద్ర మాని బయలుదేరేవారు ఎందరో! వారిలో మన విచారణల బిడ్డలు కూడా ఉన్నారు.

ఇది తప్పా అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. కొండ చూడాలనుకోవడం తప్పు కాదు. కొండలను, మంచును, ఉదయకాంతిని సృజించినవాడు దేవుడే. క్రీస్తు ప్రభువు కూడా ప్రార్థించడానికి కొండ ఎక్కేవారు. మోటారు సైకిలును తిరుసభ ఎన్నడూ అసహ్యించుకోలేదు. ఇటలీ దేశంలో కాస్తెల్లాత్సో బోర్మిదా అనే ఊరిలో ఉన్న మరియమాతను 1947లో పన్నెండవ భక్తినాథ పోపుగారు మోటారు సైకిలు నడిపేవారికి పాలకురాలిగా ప్రకటించారు. 2013లో దివంగత ఫ్రాన్సిస్ పోపుగారికి హార్లీ డేవిడ్సన్ కంపెనీవారు ఒక మోటారు సైకిలు కానుకగా ఇచ్చారు. ఆయన దాని మీద సంతకం చేసి 2014లో వేలానికి ఇప్పించారు. రెండు లక్షల యూరోలకు పైగా వచ్చిన ఆ సొమ్ము రోము నగరంలో కారితాస్ సంస్థ నడిపే పేదల వసతి గృహానికి, భోజనశాలకు చేరింది. కనుక బండి చెడ్డది కాదు. దాన్ని ఎలా నడుపుతున్నాం, ఎందుకు నడుపుతున్నాం అన్నదే మనం ఆలోచించవలసిన విషయం.

సైతాను ప్రభువును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూకమని ప్రేరేపించిన సంగతి మీకు తెలుసు (మత్తయి 4:5-7). దేవదూతలు నిన్ను కాపాడతారు, భయమెందుకు అన్నాడు. ప్రభువు దూకలేదు. దేవుని కాపుదలను నమ్మడం వేరు, ఆ కాపుదలను పరీక్షకు పెట్టడం వేరు అని మనకు చూపించారు. బండి హేండిలుకు జపమాల తగిలించి, నెత్తిన హెల్మెట్ లేకుండా ఘాటీ మలుపులో ఎదుటి లారీని దాటబోయే యువకుడు ఆ శిఖరం మీదే నిలబడి ఉన్నాడు. జపమాల ప్రార్థించడానికి ఇచ్చినది, తాయెత్తు కాదు.

మన దేశంలో 2022వ సంవత్సరంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారని కేంద్ర ప్రభుత్వ నివేదిక తెలిపింది. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్ళినవారే. హెల్మెట్ లేకుండా చనిపోయినవారు 50,029 మంది. వీరిలో వెనుక కూర్చున్నవారూ వేలమంది ఉన్నారు. ఒక్కొక్క అంకె వెనుక ఒక తల్లి కడుపుకోత ఉంది.

పూర్వం యూదులు ఇంటి మిద్దె మీద తిరిగేవారు. అందుకే కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలని, లేకపోతే ఎవరైనా పడి చనిపోయిన దోషం ఆ ఇంటి మీద ఉంటుందని మోషే ధర్మశాస్త్రం ఆజ్ఞాపించింది (ద్వితీయోపదేశ కాండము 22:8). నేటి మన పిట్టగోడ హెల్మెట్టే. వేగం మీది మోజుతోగాని, తాగిన మత్తులోగాని రోడ్డు మీద తన ప్రాణానికి, పరుల ప్రాణానికి అపాయం తెచ్చేవాడు ఘోరమైన దోషం చేసినవాడవుతాడని 1992లో వెలువడిన తిరుసభ సత్యోపదేశం చెబుతోంది. ఇది ఐదవ ఆజ్ఞకు సంబంధించిన విషయం. పాపసంకీర్తనానికి వచ్చినప్పుడు మనలో ఎందరం దీన్ని గుర్తు చేసుకుంటున్నాం?

తల్లిదండ్రులారా, ఈ పిట్టగోడ కట్టే బాధ్యత ముందుగా మీదే. పదో తరగతి పాసయ్యాడని బండి కొనిచ్చి, వెళ్ళాక రాత్రంతా మెలకువతో ఏడిస్తే ప్రయోజనమేమి? మైనరు బిడ్డ బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చని 2019 నాటి చట్ట సవరణ చెబుతోంది. అయితే చట్టానికి భయపడి కాదు, దేవుడు మీ చేతికి అప్పగించిన ప్రాణమని తలచి కాదనండి. బిడ్డ అలిగినా ఫరవాలేదు. అలక నాలుగు రోజుల్లో తీరుతుంది.

యువకులారా, మీతో ఒక మాట. కొండకు వెళ్ళే హడావుడిలో ఆదివార దివ్యబలిపూజను వదులుకోకండి. శనివారం సాయంత్రపు పూజలో పాల్గొనవచ్చు. తిరుగు ప్రయాణంలో దారిలోని దేవాలయంలో ఆగవచ్చు. మబ్బుల సముద్రాన్ని చూడటానికి నిద్ర మానగలిగినవారికి, దాన్ని సృజించినవానికి ఒక గంట ఇవ్వడం కష్టమా?

ఆ కొండల మీద మనుషులున్నారని కూడా మరువకండి. మీకు అది రెండు రోజుల వినోదం, గిరిజన సోదరులకు అది ఇల్లు. రోడ్డు లేని గూడేలనుంచి నిండు గర్భిణులను డోలీ కట్టి, భుజాల మీద మైళ్ళకొద్దీ మోసుకొచ్చే బాధ అక్కడివారిది. ఆ కష్టం కొంతైనా తీర్చడానికే 2018లో మన్యంలో బైకు అంబులెన్సులు ప్రవేశపెట్టారు. ఆలోచించండి! అదే కొండదారి, అవే రెండు చక్రాలు. ఒక బండి ప్రాణాన్ని దించుకొస్తోంది. ఇంకొక బండి సైలెన్సరు తీసేసి గూడెంలో పసిబిడ్డ నిద్ర చెడగొట్టి, ఖాళీ సీసాలు, ప్లాస్టిక్ సంచులు వదిలి వస్తోంది. మీ బండి ఏది?

దేవమాత కూడా ఒకప్పుడు కొండసీమకు త్వరత్వరగా బయలుదేరింది (లూకా 1:39). ఆమె తొందర వేగం మీది మోజు కాదు. ముసలితనంలో గర్భవతి అయిన ఎలిజబేతమ్మకు తోడుగా ఉండాలన్న ఆరాటం. తన గర్భంలో క్రీస్తును మోసుకు వెళ్ళింది. మూడు నెలలు అక్కడే ఉంది. ఆమె వచ్చినందుకు ఆ ఇల్లు ఆనందించింది. మీరు వెళ్ళివచ్చాక ఆ గూడెం కూడా సంతోషించాలి.

దారిలో ఎవరైనా పడి ఉంటే ఆగండి. పోలీసులు, కోర్టులు అని జంకవద్దు. గాయపడినవారికి సాయపడినవారిని వేధించరాదని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2019లో అది చట్టంలోనూ చేరింది. పేరు చెప్పమని కూడా బలవంతం చేయరాదు. యెరికో దారిలో యాజకుడు, లేవీయుడు తప్పుకుపోయారు. సమరీయుడు మాత్రం తన వాహనం మీద గాయపడినవానిని ఎక్కించుకున్నాడు (లూకా 10:30-35). ఆ రోజు ఆ వాహనం ధన్యమైంది.

ఈ వారం మీ ఇంట కుటుంబ ప్రార్థన అయ్యాక బండి తాళం, హెల్మెట్ బల్ల మీద పెట్టి, నలుగురూ కలిసి మాట్లాడుకోండి. రాత్రి ప్రయాణం వద్దని, తాగి నడపవద్దని, వెనుక కూర్చున్నవారికీ హెల్మెట్ ఉండాలని నిర్ణయించుకోండి. బయలుదేరేటప్పుడు తల్లి బిడ్డ నుదుట సిలువ గుర్తు వేసి పంపాలి. తిరిగి వచ్చేదాకా బిడ్డ ఆ గుర్తుకు తగినట్టు నడుచుకోవాలి.

కొండసీమకు నడిచివెళ్ళిన మరియమాత మన బిడ్డల ప్రయాణాలకు తోడుగా ఉండి, అందరినీ క్షేమంగా ఇల్లు చేర్చునుగాక. ఆమెన్.