వాడుకోని నలభై మిల్లీమీటర్లు

ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్ ముందు ఫోర్కుకు గాలి పెట్టాలంటే మొదట కావలసింది మనిషి బరువు. స్నానం చేసొచ్చి చూసుకునే బరువు కాదు. హెల్మెట్, బూట్లు, మోకాళ్లకు ప్యాడ్లు, వీపున నీళ్ల సంచి, అందులో పనిముట్లు, ఇవన్నీ తగిలించుకుని చూసే బరువు. నాది 84 కిలోలు. తయారీదారు ఇచ్చే పట్టికలో ఆ బరువుకెదురుగా ఎన్ని పీఎస్ఐల గాలి ఒత్తిడి అని రాసి ఉంటుంది. అక్కడ మొదలుపెట్టి మనకు తగ్గట్టు దిద్దుకోవాలి.

దిద్దుకోవడానికి ఆధారం సాగ్. పెడళ్ల మీద నిలబడి, దిగుడులో ఉన్నట్టే ఒంటిని ముందుకు వంచితే ఫోర్కు మన బరువుకు కొంత కుంగుతుంది. మొత్తం కదలికలో పదిహేను నుంచి ఇరవై శాతం కుంగితే సరి. నా ఫోర్కు 160 మిల్లీమీటర్లది కనుక 24 నుంచి 32 దాకా. ఫోర్కు పై గొట్టానికి ఉండే రబ్బరు ఓ-రింగును సీలుకు ఆనించి, మెల్లగా ఎక్కి, మెల్లగా దిగి, అది ఎంత జరిగిందో స్కేలుతో కొలుస్తాను. నిదానంగా చేస్తే పావుగంట పని. ఆ పావుగంటలో నా గురించి నాకు తెలిసినంత, రోజు మొత్తంలో మరెప్పుడూ తెలియదు.

నేనుండేది అమెరికాలో, ఆర్కాన్సాలోని బెంటన్‌విల్. వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు కాబట్టి మన తెలుగువాళ్లు ఇక్కడ చాలామందే. స్లాటర్ పెన్, కోలర్ అనే బైకు దారులు ఊళ్లోనే మొదలవుతాయి. కాస్త ఉత్తరాన బెల్లా విస్టాలో బ్యాక్ 40 దారి ఉంది. ఇది ఓజార్క్ నేల. సున్నపురాయి, పదునైన చెకుముకి రాళ్లు, రాలిన ఆకుల కింద కనబడని వేళ్లు. ఎక్కడం పెద్ద పని కాకుండా చేసింది మోటారు. గంటకు 32 కిలోమీటర్ల వేగం దాకా అది తోడుంటుంది, ఆ పైన నా కాళ్లే. ఇలా తొక్కడం తొక్కడమేనా అని లోపల ఒక ప్రశ్న చాలాకాలం నలిగింది. 2019లో కెనడాలోని మోంట్ సెంట్ ఆన్‌లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ మొదటిసారి ఈ బైకులకు ప్రపంచ చాంపియన్‌షిప్ పెట్టింది. దక్షిణాఫ్రికాకు చెందిన అలన్ హ్యాథర్లీ, స్విట్జర్లాండ్‌కు చెందిన నతాలీ ష్నైటర్ గెలిచారు. లోకం ఒప్పుకుందన్నమాట. నాకు మాత్రం జవాబు అక్కడ దొరకలేదు, ఫోర్కు దగ్గర దొరికింది. ఎక్కుడులో నా ఊపిరి ఎంతో, నా కాళ్ల సత్తువ ఎంతో మోటారు బయటపడనివ్వదు. దిగుడులో దాని సాయం ఉండదు. అక్కడ నేను ఎలా నిలబడ్డానో, ఎక్కడ బిగుసుకున్నానో, ఎక్కడ జంకానో ఫోర్కు ఒక్కటీ వదలకుండా బయటపెడుతుంది.

ఓ-రింగు ఆ సాక్ష్యం చెబుతుంది. రైడ్ ముగిశాక అది ఆగిన చోటే ఆరోజు ఫోర్కు వెళ్లిన అత్యధిక లోతు. నాది ఎప్పుడూ 120 దగ్గర ఆగేది. మామూలుగా తిరిగే దారిలో అన్నిటికంటే మోటు చోట ఫోర్కు దాదాపు చివరిదాకా వెళ్లాలి, దాన్ని తయారుచేసింది అందుకే. నేను 40 మిల్లీమీటర్లు అలాగే ఉంచేస్తున్నాను. పాల్ టర్నర్ 1989లో మొదలుపెట్టిన రాక్‌షాక్స్ కంపెనీ తొలి ఫోర్కు ఆర్ఎస్-1కు మొత్తం కదలికే దాదాపు 50 మిల్లీమీటర్లు. 1990లో డురాంగోలో జరిగిన మొదటి యూసీఐ ప్రపంచ పోటీల్లో గ్రెగ్ హెర్బోల్డ్ డౌన్‌హిల్ గెలిచింది రాక్‌షాక్స్ ఫోర్కుతోనే. ఆ కాలం వాళ్లకు ఉన్నదే ఇంచుమించు అంత. నేను దాన్ని ముట్టుకోకుండా ఇంటికి తెస్తున్నాను.

ఎందుకని నన్ను నేను నిలదీసుకున్నాను. పట్టిక చెప్పినదానికంటే కాస్త ఎక్కువ గాలి పెట్టడం నాకు ఇష్టం. బైకు 24 కిలోలు కదా, మామూలు బైకు కంటే పది కిలోలు ఎక్కువ కదా, బ్రేకు పడితే ఆ బరువంతా ముందుకు తూలుతుంది కదా అని నాకు నేను చెప్పుకునే కారణం ఒకటుంది. అందులో నిజం లేకపోలేదు. 2020లో ఫాక్స్, రాక్‌షాక్స్ కంపెనీలు రెండూ 38 మిల్లీమీటర్ల లావు గొట్టాల ఫోర్కులు తెచ్చాయంటే ఇలాంటి బరువైన బైకులూ ఒక కారణమే. కానీ బైకు బరువు కోసమైతే నాలుగైదు పీఎస్ఐలు చాలు. నేను పెట్టేది అంతకు మించి. మిగిలినది నా స్వభావం. మా ఇంట్లో స్టీలు గిన్నెలు పేర్లు చెక్కించి బీరువాలో ఉండేవి, మేం సత్తు గిన్నెల్లో తినేవాళ్లం. ఎప్పుడో ఒకరోజు అవసరం వస్తుందని. ఆ ఒకరోజు కోసం దాచిపెట్టడం నా ఒంట్లోకి ఎంత లోతుగా దిగిందో, ఓజార్క్ అడవిలో ఒక రబ్బరు రింగు చూపిస్తే గానీ నాకు తెలియలేదు. సెలవులూ అలాగే దాస్తాను. మాటలూ అలాగే. మనసులో ఉన్న ప్రేమను కూడా చివరికంటా ఖర్చుచేయను, ఎక్కడో కొంత ఆపుకుంటాను. ఇది రాయడానికి చేయి వెనకాడుతోంది, అయినా రాయాలి.

గాలి కొద్దికొద్దిగా తగ్గించాను. ప్రతిసారీ రెండు మూడు పీఎస్ఐలు, అదే దారి, అవే రాళ్లు. ఫోర్కు మెత్తబడుతున్నకొద్దీ ముందు చక్రం నేలను వదలడం తగ్గింది, అరచేతుల మంట తగ్గింది. భయం మాత్రం మొదట పెరిగింది. చివరికి తగిలి ధన్‌మంటుందేమోనని భుజాలు బిగిసేవి. ధన్‌మనలేదు, లోపల అందుకు ఏర్పాటుంది. గాలి గదిలో ప్లాస్టిక్ స్పేసర్లు పెడితే గాలికి చోటు తగ్గి, చివరి భాగంలో గట్టిదనం వేగంగా పెరుగుతుంది. మొదట్లో మెత్తగా, చివర్లో గట్టిగా. ఒకటి అదనంగా వేశాను. ఇప్పుడు ఓ-రింగు 150 దాకా వెళుతోంది.

గాలి మార్చినప్పుడల్లా రీబౌండ్ కూడా చూసుకోవాలి. ఫోర్కు కాలి అడుగున ఉండే ఎర్ర నాబ్ అది. తిరిగి లేచే వేగం ఎక్కువైతే చక్రం చేతుల్ని ఎగదోస్తుంది. తక్కువైతే వరసగా రాళ్లొచ్చినప్పుడు లేవడానికి వ్యవధి లేక ఫోర్కు కుంగినచోటే ఉండిపోతుంది. గాలి తగ్గిస్తే నాబ్‌ను కాస్త తెరవాలి, పెంచితే కాస్త మూయాలి. కాలం మారినా లెక్క మారుతుంది. ఎండాకాలంలో 30 డిగ్రీల దగ్గర 88 పీఎస్ఐ పెట్టిన ఫోర్కులో, చలికాలం సున్నా డిగ్రీల ఉదయాన ఏ లీకూ లేకుండానే 78 ఉంటుంది. చిన్నప్పుడు బట్టీ పట్టిన వాయు సూత్రమే ఇది. ఇంకో సంగతి కొత్తవాళ్లకు తెలియాలి. పంపు విప్పేటప్పుడు వినిపించే బుస్సుమనే శబ్దం పంపు గొట్టంలోని గాలిది, ఫోర్కులోది కాదు. మళ్లీ పంపు తగిలిస్తే కొంత గాలి గొట్టంలోకి వెళ్లి అంకె తక్కువ చూపిస్తుంది. దాన్ని చూసి కంగారుపడి మళ్లీ కొట్టాల్సిన పని లేదు.

మా ఆఫీసులో ఒక కుర్రాడు ఈమధ్యే ఇలాంటి బైకు కొన్నాడు. "అన్నా, నీ సెట్టింగులు పంపవా, అవే పెట్టేసుకుంటా" అన్నాడు. "నా అంకెలు నీకెందుకురా, శనివారం రా, నీ ఫోర్కు మీద నిన్నే నిలబెడతా" అన్నాను. వచ్చాడు. సాగ్ కొలిచాం. సంచీ వేసుకోకుండా తూకమెక్కబోతే ఆపి వేయించాను. ఇంతకంటే అతనికి నేను నేర్పగలిగింది లేదు.

సంరక్షణ నాకు ఇంకా దగ్గరి విషయం. రాక్‌షాక్స్ వాళ్లు ప్రతి 50 గంటలకు ఫోర్కు కింది కాళ్లు విప్పి నూనె మార్చమంటారు, 200 గంటలకు కదలికను అదుపుచేసే డ్యాంపర్, ఎయిర్ స్ప్రింగ్ పూర్తిగా విప్పాలి. ఫాక్స్ వాళ్లు 125 గంటలకు లేదా ఏడాదికి, ఏది ముందైతే అది అంటారు. మోటారు ఉంటే ఒకే సాయంత్రం అదే కొండ మళ్లీమళ్లీ దిగుతాం, గంటలు త్వరగా పోగవుతాయి. చక్రం తీసి, గాలి వదిలి, అడుగు బోల్టులు కొద్దిగా వదులుచేసి రబ్బరు సుత్తితో తడితే లోపలి పట్టు వీడుతుంది. కింద పెట్టిన గిన్నెలోకి నూనె కారుతుంది. ప్రతి కాలిలోనూ ఉండేది కొద్ది మిల్లీలీటర్లే. దాని రంగు కోసం నేను ఎదురుచూస్తాను. తేటగా ఉంటే సీళ్లు కాపాడుతున్నట్టు, బూడిద రంగుకు తిరిగితే మట్టి లోపలికి వచ్చినట్టు. పై గొట్టాలు బయటికి తళతళలాడుతున్నా లోపల నూనె నల్లబడి ఉండొచ్చు. పైకి బాగున్నంతకాలం ఏదీ విప్పి చూడని మనిషిని నేను. ఒంట్లో నలత అయినా, స్నేహంలో మౌనమైనా పైకి కనబడేదాకా ఆగుతాను. అందుకే ఈ 50 గంటల నియమాన్ని పట్టుదలగా పాటిస్తాను. బాగోలేదని కాదు, గంటలు నిండాయని విప్పుతాను. సీళ్ల కింద ఉండే స్పాంజి రింగుల్ని నూనెలో తడపడం, సిరంజీతో కొలిచి కొత్త నూనె పోయడం, టార్క్ రెంచితో బోల్టు బిగించడం, ఇవన్నీ మాట్లాడకుండా చేస్తాను.

ఒకటి ఇంకా తేలలేదు. రాళ్ల గుంపు ముందు నా ఫోర్కు ఒక్కసారిగా కిందికి దిగిపోతుంది. ఫోర్కు నెమ్మదిగా కుంగడాన్ని అడ్డుకునే లో స్పీడ్ కంప్రెషన్ రెండు క్లిక్కులు పెంచితే అది ఆగుతుంది. కానీ ఫోర్కు దిగుతున్నది నేను ముందు బ్రేకు పట్టుకోవడం వల్ల, బ్రేకు పడుతున్నది రాళ్లలోకి వెళ్లేముందు జంకడం వల్ల. క్లిక్కులు పెంచితే లక్షణం పోతుంది, జంకు కనబడకుండా ఉంటుంది. అందుకని ఆ రెండు క్లిక్కులూ వెనక్కి తిప్పేశాను. రాళ్లకు రెండు బైకు పొడవుల ముందే బ్రేకు వదిలేయడం నేర్చుకుంటున్నాను. కొన్నిసార్లు వేళ్లు వదులుతున్నాయి, కొన్నిసార్లు వదలడం లేదు.