నీటిపై గీత, రాతిలో బీట



క్రోధము ఒక్కటే యైనను దానికి నాలుగు తరగతులు కలవని జైనశాస్త్రము చెప్పుచున్నది. అనంతానుబంధి క్రోధము రాతిలో పడిన బీట వంటిది. అప్రత్యాఖ్యానావరణ క్రోధము ఎండిన చెరువు నేలలోని పగులు వంటిది. ప్రత్యాఖ్యానావరణ క్రోధము ఇసుకలో గీచిన గీత. సంజ్వలన క్రోధము నీటిపై గీత. నీటిపై గీత గీయుచుండగనే కలిసిపోవును. ఇసుక గీతను గాలి మాపును. నేల పగులును వాన పూడ్చును. రాతి బీట మాత్రము కూడదు.

శ్వేతాంబర కర్మగ్రంథములు వీనికి కాలపరిమితి కూడ చెప్పినవి. సంజ్వలనమునకు ఒక పక్షము, ప్రత్యాఖ్యానావరణమునకు నాలుగు మాసములు, అప్రత్యాఖ్యానావరణమునకు ఒక సంవత్సరము, అనంతానుబంధికి జీవితాంతము. పాక్షిక, చాతుర్మాసిక, సంవత్సరీ ప్రతిక్రమణములు ఈ గడువులతోనే సరిపోవుచున్నవి. బాకీకి గడువు ఉన్నట్లే కోపమునకును గడువు ఉన్నది. గడువు దాటిన కోపము వడ్డీతో పెరుగును.

ఇది వినిన గృహస్థునకు ఒక సందేహము కలుగుట సహజము. ముని సర్వమును విడిచినవాడు; దుకాణము, పిల్లలు, అప్పులు ఉన్న శ్రావకుడు తన్ను తాను కాపాడుకొనవద్దా? శాస్త్రము ఈ సందేహమును త్రోసివేయలేదు. సంకల్పించి చేయు హింసను శ్రావకుడు తప్పక విడువవలెను. ఆత్మరక్షణకై జరుగు విరోధీ హింస గృహస్థునకు పూర్తిగా తప్పనిది; అయినను అదియు హింసయే, దానికిని కర్మబంధము కలదు. కనుక ప్రశ్న రక్షణ ఉండవలెనా, వద్దా అని కాదు. ఆ రక్షణ ఎప్పుడు లేవవలెను, ఎప్పుడు అణగవలెను అనునదే ప్రశ్న.

దీనికి దృష్టాంతము కొరకు దూరము పోనక్కరలేదు, పెరటిలోని మొక్కను చూచిన చాలును. వనస్పతి ఏకేంద్రియ జీవము. దానికి స్పర్శ తప్ప వేరు ఇంద్రియము లేదు. ఆచారాంగ సూత్రపు మొదటి అధ్యయనముననే మనుష్య దేహమునకును వృక్ష దేహమునకును పోలికలు చెప్పబడినవి. పుట్టుట, పెరుగుట, కోసినచో వాడుట రెండింటికిని సమానమే. పురుగు వచ్చినపుడు మొక్క పారిపోలేదు. మరి ఎట్లు నిలుచుచున్నది?

1972లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర విశ్వవిద్యాలయమున గ్రీన్, రయాన్ అను శాస్త్రజ్ఞులు బంగాళాదుంప, టమాటా మొక్కల ఆకులను పురుగు కొరికినపుడు జరుగునది పరిశీలించిరి. తిన్న ఆకు పురుగు కడుపులో సరిగా అరుగకుండ చేయు పదార్థము ఆకులలో పేరుకొనెను. వింత యేమనగా, కొరికిన ఆకులోనే గాక, పురుగు తాకని ఆకులలో కూడ అది చేరెను. ఒక ఆకు దెబ్బతినగా మొక్క అంతయు మేలుకొన్నది.

ఈ పదార్థమును చేయు విధానము మొక్క అప్పటికప్పుడు నేర్చినది కాదు. ప్రతి కణములోను జన్యువుల రూపమున అది ముందే వ్రాయబడి ఉన్నది, ఇనుపపెట్టెలోని దస్తావేజు వలె. శత్రువు లేని దినములలో ఆ పెట్టెకు తాళము వేసి యుండును. ఆ తాళము ఏదో 2007లో తెలిసినది. ఆవాల కుటుంబమునకు చెందిన అరబిడాప్సిస్ అను చిన్న మొక్కలో ‘జాజ్’ అను మాంసకృత్తులు కనుగొనబడినవి. రక్షణ జన్యువులను మేల్కొలుపు ‘మిక్-2’ అను మరియొక మాంసకృత్తును ఇవి పట్టుకొని కదలనీయవు. పురుగు కొరుకగానే మొక్కలో జాస్మోనేట్ అను ద్రవ్యము పుట్టును. జాజిపూల నూనెలోని సువాసన ద్రవ్యమునకు ఇది దగ్గరి చుట్టము. అది వచ్చినంతనే కణము జాజ్‌లను గుర్తుపట్టి ముక్కలు చేయును. మిక్-2కు విడుదల కలుగును. రక్షణ జన్యువులు పనికి దిగును.

ఇక్కడ గమనింపదగిన విశేషము ఒకటి కలదు. విడుదలైన మిక్-2 రక్షణ జన్యువులతోపాటు జాజ్ జన్యువులను కూడ మేల్కొలుపును. అనగా తాళము తీసిన చేయియే మరల తాళమును చేయించుచున్నది! మరియు జాస్మోనేట్‌ను నిర్వీర్యము చేయు ఎంజైములు కూడ పుట్టును. పురుగు తొలగిపోగా కొత్త జాజ్‌లు మిక్-2ను పట్టుకొనును; మొక్క తిరిగి పెరుగుటకు, పూచుటకు, కాచుటకు మరలును.

ఈ తాళము లేనిచో నేమి? మిషిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు పది జాజ్ జన్యువులు పనిచేయని అరబిడాప్సిస్ మొక్కను పెంచి, 2018లో ఫలితమును ప్రకటించిరి. దాని రక్షణ ఎల్లవేళల మేలుకొనియే ఉండెను. పురుగులను అది బాగుగా ఎదిరించెను. కాని ఎదుగుదల మందగించెను. ఆకలితో అలమటించు లక్షణములు కనబడెను. విత్తనములు తక్కువగా కాచెను. కావలివారి జీతములకే రాబడి అంతయు చెల్లించిన దుకాణము వలె అయినది. దొంగ రాలేదు, లాభమును రాలేదు.

మొక్క అసంజ్ఞి జీవము. ఈ నిగ్రహము దాని దేహపు ఏర్పాటే గాని వ్రతము కాదు. దానివలన దానికి సంవరము కలుగదు. మంచి చెడ్డలు విచారింపగల మనస్సు సంజ్ఞి పంచేంద్రియుడైన మానవునకు కలదు. మొక్కకు దేహము చేసిపెట్టుచున్న పనిని ఇతడు తన వివేకముతో చేసికొనవలెను. చేసికొనుచున్నాడా?

ఇద్దరు అన్నదమ్ములు దుకాణము పంచుకొన్నారనుకొందురు గాక. వాటాలలో ఏదో తేడా వచ్చినది. ఆనాటి కోపమునకు కారణము ఉండవచ్చును. ఇరువది ఏండ్లు గడచినవి. తేడా వచ్చిన సొమ్ము ఎంతయో ఇప్పుడు ఇరువురికిని సరిగా జ్ఞాపకము లేదు. అయినను అన్న ఇంటి పెండ్లికి తమ్ముడు రాడు. ప్రతి సంవత్సరీకిని ఊరివారందరికిని క్షమాపణ పత్రికలు పోవును. ఎదుటి వీథిలోని సోదరునికి మాత్రము పోవు. పురుగు ఎప్పుడో పోయినది. తాళము మరల పడలేదు. ఆ పది తాళములు లేని మొక్క వలె ఆ రెండు ఇండ్లును ఎదుగక నిలిచినవి.

క్షమించుట యనగా మోసమునకు మరల తలయొగ్గుట కాదు. ఒకసారి పురుగు కొరికిన మొక్క తరువాత కొంతకాలము, మరల దాడి జరిగినచో ముందుకన్న త్వరగా మేల్కొనుటకు సిద్ధపడి యుండునని శాస్త్రజ్ఞులు గమనించిరి. కాని అంతవరకు పోరాటపు ఖర్చు పెట్టదు. శ్రావకుడును అట్లే, బాకీ ఎగవేసిన వానికి మరల అప్పు ఇచ్చునపుడు పత్రము వ్రాయించుకొనవచ్చును. అది జాగ్రత్త. ఆ మనుష్యుని పేరు వినగానే గుండె మండినచో అది వైరము. జాగ్రత్త చిట్టాలో ఉండవలెను. వైరము ఆత్మలో ఉండరాదు.

ఈ పర్యూషణ పర్వమున ప్రతి శ్రావకుడును, ప్రతి శ్రావికయు తమ మనస్సులోని గీతలను ఒక్కసారి తడిమి చూచుకొందురు గాక. నీటి గీతలు ఇప్పటికే మాసినవి. ఇసుక గీతలు చాతుర్మాసమునకు మాసినవి. ఏడాది నిండనున్న నేల పగులు ఏదైన ఉన్నచో, అది రాతి బీటగా మారకముందే క్షమాజలము పోయవలెను. పత్రిక ఎవరికి వ్రాయుటకు చేయి వెనుకాడుచున్నదో, మొదటి ‘మిచ్ఛామి దుక్కడం’ వారికే చెందవలెను.

జయ జినేంద్ర!