చూపు ముల్లు మీదా, దారి మీదా?

కెమెరా వ్యాను ఎక్కడుందో వెతికే కన్ను దారిని చూడటం మానేస్తుందని మనవాళ్ళలో కొందరి వాదన. దీన్ని కొట్టిపారేయలేం. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు సుమారు 14 మీటర్లు పోతుంది. ఆ సెకను చూపు ముల్లు మీద ఉంటే, 14 మీటర్లు కళ్ళు మూసుకుని నడిపినట్టే.

అయితే చూపును మళ్ళించేది వ్యానా, మన భయమా? ఐర్లండులో అతివేగానికి పెనాల్టీ పాయింట్లు 2002లో వచ్చాయి, 'గోసేఫ్' వ్యాన్లు 2010లో. హద్దుకు లోపల నడిపేవారికి ఆ వ్యాను దారి పక్కన ఆగిన మరో బండి, అంతే. హద్దు దాటినవారే దాన్ని వెతుక్కుంటారు. కనబడగానే బ్రేకు తొక్కి, దాటగానే మళ్ళీ వేగం అందుకుంటారు. టిప్పరరీలో ఎం7 రహదారి మీద 2022 నుంచి కొంత దూరం పొడుగునా సగటు వేగాన్నే లెక్కగడుతున్నారు. అక్కడ ఆ ఉపాయం సాగదు.

మరి నిజాయితీపరుడి ఇబ్బంది మాటేమిటి? 2025 ఫిబ్రవరిలో పల్లెదారుల సాధారణ హద్దు 80 నుంచి 60కి తగ్గింది. 80కి అలవాటుపడ్డ పాదం కొన్నాళ్ళు ముల్లును అడగక తప్పదు. కానీ బ్రేకు పడ్డాక కారు ఆగే దూరం వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. 80లో పట్టే దూరంలో 60కి సగం పైచిలుకు చాలు. కనుక ఆ క్షణం చూపును తిన్నని దారిలోనే ఖర్చు పెట్టాలి, మలుపులో కాదు. పొదల అవతల నడిచి వచ్చే మనిషికి మన భయంతో పనిలేదు. మన చూపు కావాలి.