మంచు తాగే తీగ

ధనుర్మాసంలో నాగాయలంక చీకటి ఉండగానే లేస్తుంది. ముందు గుడి మైకు, ఆ వెనకే శ్రీరామపాదక్షేత్రం ఘాటు వైపు నుంచి పడవ ఇంజను చప్పుడు. నది కనిపించదు. మంచులో ఎక్కడో ఉందని తెలుస్తుంది, అంతే.

చాలా ఏళ్ల కిందట అలాంటి వేళ ఒక ఆఫీసు వెనకగదిలో రౌటర్ ముందు కూర్చున్నాను. అవతలి చివర బందరులో ఇంకో రౌటర్. మధ్యలో టెలిఫోను రాగితీగ మీద 64 కేబీపీఎస్ లీజు లైను, ఈ కొసన ఒక మోడెం, ఆ కొసన ఒక మోడెం. ఆ వేగం ఇప్పుడు చెబితే పిల్లలు నవ్వుతారు. ఆ ఆఫీసు పనంతా అప్పట్లో దాని మీదే నడిచేది.

లైను పోయేది, వచ్చేది. పూర్తిగా పోతే ఒక రకంగా సుఖం. తెగిన తాడు ఎక్కడ తెగిందో చేతికి తగులుతుంది. పోతూ వస్తూ ఉండేదాన్ని చూడ్డానికి మనిషి వెళ్లేసరికి బుద్ధిగా పనిచేస్తూ ఉంటుంది, ఆస్పత్రి మెట్లెక్కగానే తగ్గిపోయే పంటినొప్పిలాగా.

రౌటర్ ప్రతి తప్పునూ లెక్కపెడుతుంది. పంపే రౌటర్ ఒక్కో ఫ్రేముకూ లెక్క కట్టి ఆ జవాబును చివర అంటిస్తుంది. అందుకున్నది మళ్లీ కట్టి చూస్తుంది. సరిపోకపోతే ఆ ఫ్రేమును పారేసి, సీఆర్‌సీ అన్న చోట ఒకటి కలుపుతుంది. పంపినవాడితో పేచీ పెట్టుకోదు. ఆ రాత్రి చూసేసరికి అక్కడ ఐదంకెల సంఖ్య ఉంది. గుండె గుభేలుమంది.

కానీ ఆ సంఖ్యకు తేదీ లేదు. యూపీఎస్ పుణ్యమా అని ఆ రౌటర్ ఎన్ని నెలలుగా ఆగకుండా నడుస్తోందో. అందులో ఈ రాత్రివి ఎన్ని, పోయిన వానాకాలంవి ఎన్ని? అందుకే ఇలాంటి పనిలో ముందుగా ఆ లెక్కల్ని సున్నా చేస్తారు. దాంతో లైను బాగుపడదు. చూడ్డానికి వీలవుతుంది, అంతే.

మా తాతకీ ఆయన తమ్ముడికీ కాలవ నీళ్ల వంతు దగ్గర మాటలు పోయాయట. ఏ ఏడాదో అడిగితే ఇద్దరికీ గుర్తులేదు. మొత్తం మాత్రం ఇద్దరికీ గుర్తుంది.

సున్నా చేసి కూర్చున్నాను. ఏమీ జరగని వేళలో కూడా ఆ రెండు రౌటర్లూ పది సెకన్లకోసారి పలకరించుకుంటూనే ఉంటాయి. ‘నా వరస సంఖ్య ఇది, నీ దగ్గర్నుంచి చివరగా విన్నది ఇది’ అని. అందులో కబురేమీ ఉండదు. వరసగా మూడుసార్లు జవాబు రాకపోతే లైను పోయిందనుకుంటాయి. మా అమ్మ రోజూ ఫోన్లో “తిన్నావా” అని అడిగేది. ఏం కూరో ఆవిడకు అక్కర్లేదు. అప్పట్లో విసుక్కునేవాణ్ణి కూడా.

నాలుగు దాటేదాకా సున్నా కదల్లేదు. తర్వాత మూడు. కాసేపటికి పదకొండు. గుడి మైకు మొదలయ్యేసరికి యాభై దాటింది. తొమ్మిదింటికి, ఎండ గట్టిగా పడ్డాక, ఎవరో చెప్పినట్టు ఆగిపోయింది.

మొదట నాకు అనుమానం గడియారం మీద. ఇలాంటి లైను మీద ఒకరు తాళం వేయాలి, రెండోవాళ్లు దాన్నే పట్టుకోవాలి. ఇద్దరూ ఎవరి తాళం వాళ్లు వేస్తే బిట్లు జారిపోతాయి. అది సరిగానే ఉంది. పంపినదాన్ని మన మోడెం దగ్గరే వెనక్కి తిప్పి చూస్తే అంతా శుభ్రం. బందరు మోడెం దాకా పంపి తిప్పిస్తే తప్పులు. అయితే జబ్బు ఈ కొసన లేదు, దారిలోనే ఉండొచ్చు. ఎన్ని స్తంభాల దారి!

కబురు పెడితే వచ్చిన లైన్‌మన్ ఇవేవీ వినలేదు. వేళ ఒక్కటే అడిగాడు. చెప్పగానే, “మంచు తాగుద్ది బాబూ జాయింటు. ఎండెక్కాక ఆరుద్ది,” అన్నాడు.

ఊరి చివర స్తంభమెక్కి పెట్టె తెరిచాడు. టేపు ఊడదీస్తే, రెండు తీగలు మెలేసిన చోట పచ్చటి చిలుము, చెరువు మెట్ల మీద పాచిలాగా మెత్తగా. సముద్రం దగ్గర. పోటు మీద ఉప్పునీళ్లు నదిలోకి ఎదురెక్కే చోటు. ఇక్కడ గాలికే ఉప్పుంటుంది. ఆ ఉప్పు ఊరికే ఉండి, మంచు పడగానే తడిసి మేలుకుంటుంది కాబోలు. బ్లేడుతో నెమ్మదిగా గీకాడు. లోపలి నుంచి రాగి ఎర్రగా, కొత్తగా బయటపడింది. గీకిన పొడిని ఊదేసి, మళ్లీ మెలేసి, టేపు చుట్టాడు.

1977 నవంబరు 19 ఉప్పెన నాటికి ఆయన పిల్లవాడు. తీగలన్నీ తెగి, ఈ దివిసీమలో ఏం జరిగిందో బయటికి పూర్తిగా తెలియడానికి రోజులు పట్టిందప్పుడు. టీ తాగుతుంటే దాని మాట వచ్చింది. ఆయన చెప్పింది ఒక్క ముక్కే: “మర్నాడు చప్పుడు లేదు.” తర్వాత గ్లాసు కడిగి బోర్లించాడు.

మర్నాడు తెల్లవారుజామున లెక్క మళ్లీ సున్నా చేసి కూర్చున్నాను. నిన్నటికన్నా మంచు చిక్కగా ఉంది. నాలుగైంది, ఐదైంది. సున్నా. ఆరు కావస్తుండగా ఒకటి.

ఒకే ఒక్కటి. ఎండ వచ్చేదాకా చూశాను, రెండు కాలేదు. ఆ జాయింటుదేనా, అలాంటిదే ఇంకోటి దారిలో ఎక్కడైనా మంచు తాగుతోందా? లేక ఏ లైనుకైనా ఎప్పుడో ఓసారి తప్పని తప్పా? నిన్నటి యాభై చూసి ఉండకపోతే ఇవాళ్టి ఒకటికి ఉలిక్కిపడేవాణ్ణేమో.

బయట బందరు బస్సు హారన్ కొట్టింది. మంచు విడిపోయి నది కనిపిస్తోంది, మధ్యలో ఒక నాటు పడవ. తెర మీది ఆ ఒకటిని సున్నా చేయబుద్ధి కాలేదు. అలాగే ఉంచి లేచాను.