కంబళిదానము – ఫలమెవరిది?

దానమునకు దేశము, కాలము, పాత్రము అను మూడును కుదురవలెనని శాస్త్రము. శ్రావణమాసమున ఉరుకుంద క్షేత్రమందు ఈ మూడును ఒక్కచోట కూడును. నరసింహస్వామి ఈరన్నయను పేర భక్తుల పిలుపునకు పలుకు ఆ చోటు పుణ్యదేశము. వానకారు కాలము. కర్నూలు, బళ్లారి, రాయచూరు సీమల పల్లెలనుండి వచ్చి, రాత్రి ఏ చెట్టుక్రిందనో పందిటిక్రిందనో పరుండు వృద్ధులు, పసిబిడ్డల తల్లులు పాత్రము. చలిగాలికి వణకు అట్టివారిపై కంబళి కప్పిన గృహస్థుడు ధన్యుడు. కాని శాస్త్రము ఇంతటితో ఊరకుండలేదు. ద్రవ్యశుద్ధియను నాల్గవ నియమమును కూడ విధించినది. ఇచ్చు వస్తువు న్యాయముగా ఆర్జింపబడినదై యుండవలెను. ఆ కంబళి ఎవరి చేతులమీదుగా వచ్చినది, వారికి చెందవలసినది చెందినదా యని విచారింపకున్న ఆ నియమము నెరవేరునా?

ఇంటిలోనే సిద్ధమగు కంబళిని మొదట చూతము. నేడు పెక్కు ఇండ్లలో స్త్రీలు లావైన ఉన్నిదారముతో క్రోషియా అల్లికగా చారల కంబళ్లు చేయుచున్నారు. సాధనము కొనకు కొక్కెము గల ఒక్క సూది. మొదట గొలుసువలె మెలికలు వేసి, ఆ గొలుసుపై ఒక వరుస, దానిపై మరియొక వరుస ఎక్కింతురు. రంగు మార్చవలసినపుడు వరుసలోని కడపటి మెలికను క్రొత్తరంగు దారముతో ముగింతురు. అప్పుడే చార అంచు చెదరక తీరుగా వచ్చును. మెలికల లెక్క తప్పిన ప్రక్క అంచు వంకరపోవును. విప్పి మరల అల్లవలెను. తుదకు సమానముగా కత్తిరించిన దారములను రెండుగా మడిచి, కొక్కెముతో అంచులోనికి లాగి, ఆ మడతలోనుండి కొనలను దూర్చి బిగించినచో కుచ్చులగును. ఒక మనిషిని నిండుగ కప్పు కంబళికి ఎన్నో మధ్యాహ్నములు పట్టును. ఇంతయు చేసిన ఇల్లాలిని చూచి ఇంటివారేమందురు? ‘ఊసుపోక ఏదో అల్లుకొనుచున్నది’ అందురు. ఆ కంబళి క్షేత్రమున దానమగునాడు సంకల్పమున ముందుగా వినబడునవి యజమానుని గోత్రనామములే.

కొని తెచ్చిన కంబళి వెనుకనున్న చేతులు ఇంకను పెక్కు. దక్కను గొఱ్ఱెల నల్లని ఉన్నితో కురుబలు నేయు గొంగళి ఈ సీమకు చిరపరిచితము. ఎండలో వానలో మందవెంట తిరుగువాడొకడు. ఉన్ని కత్తిరించువాడొకడు. దానిని ఏకి వడకు స్త్రీలు వేరు. పడుగు సాచి, చింతగింజల గంజి పట్టించి, గుంటమగ్గముపై నేయువాడు వేరు. ఇందరి శ్రమ చేరి ఒక కంబళియగును. ఉన్నివస్త్రమును ఆచారపరులు ఎంతయో ఆదరింతురు. నూలుబట్ట తడిపి ఆరవేయనిదే మడికి పనికిరాదు. ధావళికి ఆ నిర్బంధము లేదు. జపమునకు కంబళియే ఆసనము. వస్త్రమునకు ఇంత గౌరవమిచ్చు గృహస్థుడే, దానిని నేసి భుజముపై మోసికొని వచ్చినవానిని వాకిట నిలువబెట్టి, కొలది రూపాయలకై గీచి గీచి బేరమాడును. ఉన్ని శుద్ధమే. ఆ బేరము శుద్ధమా?

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. ‘కర్మఫలమును ఆశింపరాదని గీతాచార్యుడు బోధించెను గదా! అల్లిన యామెయు, నేసినవాడును ఇది భగవత్కైంకర్యమని తలచి తృప్తిపడిన చాలదా? కూలి విచారము, పేరు విచారము ఎందులకు?’

ఈ వాదము పైకి వైరాగ్యమువలె కనబడును. లోపల గొప్ప దోషము కలదు. శ్రీవైష్ణవ సంప్రదాయమున కర్మారంభమునందే సాత్త్వికత్యాగము చెప్పుకొందురు. చేయువాడను నేనను తలపు, ఇది నాదియను మమత, దీని ఫలము నాకు కావలెనను కోరిక, ఈ మూడింటిని విడుచుటయే ఆ త్యాగము. ఇందు విడువబడునవి ‘నేను, నాది, నాకు’ అనునవి. ‘నీవు, నీది, నీకు’ అనునవి కావు. తన ఫలమును తాను త్యజింపవచ్చును. ఇతరుని ఫలమును త్యజించు అధికారము ఎవరికిని లేదు. ఇల్లాలు తన యల్లికను తానే స్వామికి సమర్పించి, పేరును కోరక ఊరకున్నచో అది ఆమె త్యాగము, మిక్కిలి గొప్పది. ఆమెకు రావలసిన మన్ననను ఇంటివారు ఆమె పక్షమున త్యజించినచో అది త్యాగము కాదు, అపహరణము. నేతగాని కూలి విషయమందును ఇదే న్యాయము.

‘ఊసుపోక’ యను ఒక్కమాట ఎంత అపకారము చేయగలదో గోదావరీతీరమందలి నరసాపురము చరిత్ర చూపుచున్నది. 19వ శతాబ్దమున క్రైస్తవ మిషనరీల మూలమున అచ్చట పాదుకొన్న క్రోషియా లేసుపని విదేశముల అంగళ్లకెక్కినది. జర్మను దేశపు సామాజిక శాస్త్రజ్ఞురాలు మరియా మీస్ ఆ స్త్రీల స్థితిని పరిశోధించి, 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. ఇంట కూర్చుండి అల్లువారిని గృహిణులనియే గాని శ్రామికులని ఎవరును ఎంచలేదనియు, అది తీరిక వేళల పనియని పేరుపడుటచే కూలి మిక్కిలి అల్పమైనదనియు ఆమె వివరించెను. అల్లినవారి శ్రమ సముద్రములు దాటినది. ఫలము మాత్రము నడుమనే నిలిచినది.

దీనికి విరుగుడు చూపిన మార్గము ఉరుకుందకు చేరువనే కలదు. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప చేనేతవారిని కూడగట్టి సహకారసంఘమును నెలకొల్పెను. నూలు సమకూర్చుట, నేసిన బట్టను అమ్ముట సంఘమే చూచుకొన్నచో, నేతగాడు దళారి దయపై బ్రదుకవలసిన అగత్యము తగ్గును. కఱవుసీమయని పేరుపడిన చోట ఇది సామాన్యమైన ఉపకారము కాదు. 1954లో ఆయనకు పద్మశ్రీ పురస్కారము లభించినది. ఇట్టి పనిని దేవాలయసేవలలో ఎవరును లెక్కింపరు. అయినను, ద్రవ్యశుద్ధిని కోరువారు దీనిని ధర్మకార్యముగనే తలపవలెను.

ఈ విషయమున భగవంతుడెట్లు ప్రవర్తించెనో భాగవత దశమస్కంధము చెప్పుచున్నది. బలరామకృష్ణులు మథురానగరమున ప్రవేశించినపుడు ఒక నేతగాడు ప్రేమతో ఎదురువచ్చి, పలువన్నెల వస్త్రములతో వారికి తగినట్లు అలంకారము చేసెను. అతడు కూలి అడుగలేదు. ‘నిష్కామముగా చేసినాడు గదా’ యని స్వామి ఊరక సాగిపోలేదు. అతనికి తన సారూప్యమును ప్రసాదించెను. అంతటితో ఆగక, ఈ లోకమున సంపదను, బలమును, జ్ఞాపకశక్తిని, ఇంద్రియపాటవమును కూడ ఇచ్చెను. ఇది గమనింపదగిన విశేషము. మోక్షమిచ్చితిని గదాయని ఇహమును ఎగవేయలేదు. సర్వమును తనదేయైన స్వామియే చేతిపనికి ఇంత ప్రతిఫలమిచ్చినపుడు, ఆయన దాసులమని చెప్పుకొనువారు కూలి తగ్గించి పుణ్యము పెంచుకొనదలచుట ఎట్టి భక్తి?

కావున కంబళిదానము చేయదలచిన గృహస్థులు దానదినమునకు ముందే ఒకటి చేయవలెను. కొన్నదైనచో నేసినవానికి న్యాయమైన వెలను పూర్తిగా చెల్లింపవలెను. ఇంట అల్లినదైనచో అల్లిన చేతులనే దానమున ముందు నిలుపవలెను. ‘ఇది ఈమె శ్రమ’ యని పదిమందిలో చెప్పవలెను. అల్లిక యంతయు ముగిసినను కడపటి మెలికను ముడివేసి బిగింపనిచో, కొన పట్టి లాగిన మాత్రమున వరుసలన్నియు విడిపోవును. దానమునకు ఆ కడపటి ముడి కృతజ్ఞత. అది బిగిసిన పిదపనే కుచ్చుల అందము. ఆ కంబళి కప్పుకొన్న యాత్రికునికి వెచ్చదనము, ఇచ్చినవానికి పుణ్యము, చేసినవారికి కూడును మన్ననయు కలుగును. అట్టి దానము నరసింహస్వామికి ప్రీతికరమగును.