పలకలు మారిన పడవ

చాలా ఏళ్లు సముద్రంలో తిరిగి, చేతులు మారి, పలకలు మార్పించుకొని, ఇంజను కూడా ఒకటికి రెండుసార్లు కొత్తది బిగించుకున్న చెక్క పడవను ఎవరైనా కొన్నప్పుడు, ఆ బేరంలో వారికి దక్కింది ఏమిటన్న ప్రశ్న చట్టానికి చిన్నదే గాని తత్త్వశాస్త్రానికి చిన్నది కాదు. రిజిస్ట్రేషన్ కాగితంలో పేరు మారితే హక్కు మారినట్టేనని చట్టం తేల్చేస్తుంది. పాత పడవ కోసం ఊళ్లు తిరిగేవారు మాత్రం కాగితం కోసం తిరగరు. అదే జాతి కలపతో, అవే కొలతలతో కొత్త పడవ కట్టించుకొనే వీలున్నా దానితో తృప్తిపడరు. వారు కోరే పాత పడవ దాని భాగాల్లో ఎక్కడ ఉంటుంది, భాగాలన్నీ మారాక ఇంకా ఉంటుందా, దాన్ని లారీ మీద కాక నీటి మీదనే ఇంటికి తెచ్చుకోవాలన్న పట్టుదలకు వేడుకను మించిన అర్థం ఏమైనా ఉందా అన్నవి ఇక్కడ విచారించవలసిన అంశాలు.

ఏథెన్సు వారు థీసియసు ఓడను భద్రపరుస్తూ, పుచ్చిన పలక తీసిన చోటల్లా గట్టి పలక వేస్తూ పోయారనీ, అది పాత ఓడేనా కాదా అని తత్త్వవేత్తలు రెండు పక్షాలుగా చీలారనీ ప్లూటార్కు రాశాడు. తీసేసిన పాత పలకలన్నిటినీ ఒకడు దాచి వాటితోనే మరో ఓడ కడితే రెండింట్లో ఏది థీసియసుదని 17వ శతాబ్దంలో హాబ్స్ ఇంకో మెలిక పెట్టాడు. ఇది తరగతి గదిలోని చిక్కుముడిగా మిగిలిపోలేదనడానికి ‘వెస్టర్న్ ఫ్లయర్’ అనే చేపల పడవ చరిత్రే సాక్ష్యం. 1937లో అమెరికాలోని టకోమాలో కట్టిన ఈ పడవను 1940లో నవలాకారుడు జాన్ స్టైన్‌బెక్, జీవశాస్త్రజ్ఞుడు ఎడ్ రికెట్స్ అద్దెకు తీసుకొని కాలిఫోర్నియా సింధుశాఖలో సముద్రజీవులను సేకరించి వచ్చారు. ఆ తర్వాత అది పేరు మార్చుకొంది, నీట మునిగింది, బురద నిండిన స్థితిలో పైకి తేలింది. 2015లో జాన్ గ్రెగ్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు దాన్ని కొని పోర్ట్ టౌన్‌సెండ్‌లో ఏళ్ల తరబడి బాగుచేయించగా, 2023లో అది పసిఫిక్ తీరం వెంట తిరిగి మాంటెరీ అఖాతానికి చేరింది. చుక్కాని పట్టే పైగది చాలావరకు పాతదే. కింది చెక్కలో మాత్రం అత్యధిక భాగం కొత్తది. రేవులో దాని కోసం ఎదురుచూసినవారు చూసింది 1940 నాటి పడవనా, దాని పోలికనా?

భారతీయ దర్శనాల్లో ఈ ప్రశ్నకు మూడు రకాల సమాధానాలు దొరుకుతాయి. మొదటిది న్యాయ వైశేషికులది. వారి పరిభాషలో భాగాలు అవయవాలు; వాటిలో సమవాయం అనే విడదీయరాని సంబంధంతో నిలిచి ఉండి, వాటికంటే వేరైన మొత్తం అవయవి. అవయవి నిజంగా ఉందనడానికి న్యాయసూత్రాలు ధారణను, ఆకర్షణను, అంటే పట్టుకోవడాన్నీ లాగడాన్నీ హేతువుగా చూపుతాయి: ఒక కొసను పట్టి లాగితే వస్తువంతా కదిలి వస్తుంది, ఉత్త పోగు అలా రాదు. గట్టు మీద నడుస్తూ ధాన్యం పడవలను తాడుతో లాగిన కృష్ణా గోదావరి డెల్టా కాలువల కళాసీలకు ఈ యుక్తిని వివరించనక్కర లేదు; తాడు ముడివేసింది ఒక్క కొయ్యకే అయినా బస్తాలతో సహా పడవంతా వెంట వచ్చేది. అయితే ఈ సిద్ధాంతానికి ఒక ఖరీదు ఉంది. భాగం తొలగితే పాత అవయవి నశించి కొత్తది పుడుతుందనీ, ‘అదే ఇది’ అన్న గుర్తింపు పోలిక వల్ల కలిగేదేననీ వైశేషికులు ఒప్పుకోక తప్పలేదు. ఆ లెక్కన గ్రెగ్ కొన్న పడవ మొదటి పలక ఊడదీసిన రోజే పోయింది, బాగుచేతలో ఎన్ని పలకలు మార్చారో అన్ని పడవలు పుట్టి గిట్టాయి. తర్కం నిర్దుష్టమే గాని, పడవ కొన్నవాడు పక్కింటివాడికి చెప్పుకోగలిగిన మాట కాదు.

రెండో సమాధానం శాస్త్రచర్చలో కంటే ఆలయాచారంలో ఎక్కువగా కనిపిస్తుంది. జీర్ణోద్ధరణ అంటే శిథిలమైన ఆలయాన్ని బాగుచేయడం; ఆ కాలంలో మూలమూర్తిలోని దైవశక్తిని కుంభంలోకి ఆవాహన చేసి, బాలాలయం అనే తాత్కాలిక సన్నిధిలో నిలిపి, పని ముగిశాక మళ్లీ మూర్తిలోకి చేరుస్తారు. పూరీలో జగన్నాథుని దారుమూర్తులను మార్చే నవకళేబరంలో ఇది మరింత స్పష్టం: కొత్త వేపకొయ్యతో మూర్తులు చెక్కి, పాత మూర్తిలోని బ్రహ్మపదార్థాన్ని రాత్రివేళ కొత్త మూర్తిలోకి మారుస్తారు, మార్చే సేవకులు కళ్లకు గంతలు కట్టుకొని, చేతులకు గుడ్డలు చుట్టుకొని ఆ పని చేస్తారు. కొయ్య అంతా మారినా స్వామి మారలేదనడానికి ఎవరూ చూడని ఆ పదార్థమే ఆధారం. కోస్తా పల్లెల్లో పడవను నీటిలోకి దించేటప్పుడు గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి, పడవ మొనకు పసుపు కుంకుమలు పెట్టే ఆచారం ఈ భావనకు దూరపు చుట్టం కావచ్చు. కానీ పడవలో ప్రాణప్రతిష్ఠ జరిగిందని అక్కడ ఎవరూ అనరు. ఆ పూజ కోరేది పడవ క్షేమాన్ని, దాని ఏకత్వానికి అది పూచీ పడదు.

మూడోది బౌద్ధుల సమాధానం, ఇది పల్నాడుకు పరాయిది కాదు. పాళీ గ్రంథం మిళిందపన్హలో నాగసేనుడు యవనరాజు మిళిందుణ్ణి, కాలినడకన వచ్చావా, వాహనం మీద వచ్చావా అని అడుగుతాడు. రథం మీద వచ్చానని రాజు చెప్పగానే, ఇరుసు రథమా, చక్రాలు రథమా, కాడి రథమా అని వరసగా ప్రశ్నించి, వీటిలో ఏదీ కాదనీ, ఇవన్నీ కాక వేరే ఏదో కూడా కాదనీ ఒప్పిస్తాడు. భాగాలను ఆధారం చేసుకొని వాడుకలో ఏర్పడిన పేరే రథమని రాజు చివరికి గ్రహిస్తాడు. దీన్నే ఆచార్య నాగార్జునుడు మూలమాధ్యమకకారికలో సూత్రీకరించాడు: దేనిపైనా ఆధారపడకుండా తనంతట తాను ఉండే స్వభావం ఏ వస్తువుకూ లేకపోవడం శూన్యత, మరికొన్నిటిని ఆశ్రయించి వ్యవహారంలో ఒక పేరు నిలవడం ఉపాదాయ ప్రజ్ఞప్తి, ఈ రెండూ ఒకే సత్యాన్ని చెప్పే రెండు తీర్లు. 7వ శతాబ్దపు చంద్రకీర్తి రథాన్ని ఏడు విధాలుగా వెతికి, భాగాల సముదాయంలో గాని ఆకారంలో గాని అది దొరకదని తేల్చి, అలాగని లోకవ్యవహారంలోని రథాన్ని కాదనకూడదని కూడా హెచ్చరించాడు. ఈ హెచ్చరికను మరిచినవారే శూన్యవాదాన్ని ఏమీలేనివాదంగా చదివారు.

సంప్రదాయం నాగార్జునుడి పేరుతో ముడిపెట్టిన నాగార్జునకొండలో ఇక్ష్వాకుల శాసనాలు పలు బౌద్ధ నికాయాలను, అంటే శాఖలను, పేర్కొంటాయి గాని ఆయనను పేర్కొనవు. అయినా ఆయన ప్రశ్నకు ఆ లోయే పెద్ద ఉదాహరణ అయింది. 1955లో నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరగడంతో లోయ మునగడం ఖాయమైంది; 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వకాలు సాగాయి. ఎంపిక చేసిన కట్టడాలను కొండ మీదా, కుడిగట్టున అనుపులోనూ తిరిగి నిలిపారు. అవి పాత కట్టడాలా, కొత్తవా అన్న ప్రశ్నకు పురావస్తుశాఖ బోర్డు సమాధానం చెప్పదు, చెప్పవలసిన పనీ లేదు. చోటు మారినా, ఆకారం పాక్షికంగా ఊహించినదే అయినా, వాటిని చూసి ఇక్ష్వాకుల కాలాన్ని చదువుకునే వ్యవహారం తెగలేదు.

కోరమాండల్ తీరపు కుట్టుపడవ ఈ బౌద్ధ సిద్ధాంతాన్ని చేతితో చేసి చూపిస్తుంది. మసూలా పడవగా యూరోపియన్లు పిలిచిన ఈ పడవలో మేకులుండవు. పలకల అంచుల్లో బెజ్జాలు వేసి, అతుకు మీద పీచు దట్టించి, కొబ్బరితాడుతో బిగించి కుడతారు. మేకుల పడవ బద్దలయ్యే కెరటాల్లో ఇది కాస్త వంగి తట్టుకుంటుంది, అందుకే రేవు కట్టకముందు మద్రాసులో ఓడల నుంచి మనుషులనూ సరుకులనూ ఒడ్డుకు చేర్చే పని దీనిదే అయింది. కుట్టు వదులైనప్పుడు తాడు విప్పి, పలకలను విడదీసి, మళ్లీ కుట్టేవారు. విప్పిన పలకలు ఇసుక మీద పరిచి ఉన్నప్పుడు పడవ ఎక్కడికి పోయిందని బెస్తవారు కలత చెందినట్టు ఎక్కడా లేదు. పలకలు, తాడు, కుట్టేవాడి నేర్పు, మర్నాటి వేట, ఇవన్నీ కలిసే చోట ఆ పేరు నిలుస్తుంది.

ఈ వరసలో చేర్చవలసిన మరో ఆధారం నీరు. ఒడ్డున ఎక్కువ కాలం ఎండిన చెక్కపడవ పలకలు కుంచించుకుపోయి అతుకులు నోళ్లు తెరుస్తాయి. నీటిలో దించాక మొదట ఊట వస్తుంది, తోడి పోస్తూ కొంతసేపు ఓపిక పడితే చెక్క ఉబ్బి అతుకులు మూసుకుంటాయి. నీటిని లోపలికి రానివ్వని గుణం పడవకు చాలావరకు నీటి వల్లనే కలుగుతోందంటే, ఆ గుణాన్ని పడవ సొంత స్వభావమని అనడం కుదరదు. లారీ మీద తెచ్చిన పడవ కొలతలకు సరిపోయే సామగ్రి. సరంగు చుక్కాని పట్టి, ఇంజను వేడెక్కి, ఎక్కడ ఊరుతుందో ఎటు ఒరుగుతుందో తెలిసివచ్చిన ప్రయాణంలోనే అది పడవగా, కొన్నవాడు దాని యజమానిగా ఒకేసారి ఏర్పడతారు. మిళిందుడి రథం విషయంలోనూ సంభాషణ మొదలైంది రాజు వచ్చిన తీరు దగ్గరే అన్నది వ్యాఖ్యాతలు అంతగా పట్టించుకోని సంగతి. 1934లో హెమింగ్వే బ్రూక్లిన్‌లోని వీలర్ కార్ఖానాలో 38 అడుగుల ‘పిలార్’ను కొని, పెద్ద చేపను లోపలికి లాగడానికి వీలుగా వెనుక అంచును తగ్గించి చెక్క రోలర్ పెట్టించాడు, మయామి నుంచి కీ వెస్ట్ దాకా దాన్ని నీటి మీదే తెచ్చుకున్నాడు. ఆయన మరణం తర్వాత అది హవానా దగ్గర ఆయన ఇంటి ఆవరణలో, ఒకప్పటి టెన్నిస్ కోర్టు స్థలంలో, కప్పు కింద నిలిచింది. 1969లో సోవియట్ దేశంలో భారత నౌకాదళంలో చేరి 2001లో విరమించిన కుర్సురా జలాంతర్గామి విశాఖ రామకృష్ణా బీచ్‌లో ఇసుక మీద ఉన్న తీరూ అదే.

ఇక్కడే మతపరమైన అభ్యంతరం ఎదురవుతుంది. మజ్ఝిమనికాయంలోని అలగద్దూపమసుత్తంలో బుద్ధుడు చెప్పిన తెప్ప దృష్టాంతం ప్రసిద్ధం: గడ్డీ కొమ్మలూ ఆకులతో తెప్ప కట్టుకొని ఏరు దాటినవాడు, ఇది నాకు ఎంతో మేలు చేసిందని దాన్ని నెత్తిన పెట్టుకొని నడిస్తే తెలివైన పని కాదు, ధర్మమైనా సరే దాటడానికే గాని పట్టుకొని కూర్చోవడానికి కాదు. పాత పడవ మీద మక్కువ ఈ నెత్తిన మోసే జాతిదేనా? దృష్టాంతాన్ని జాగ్రత్తగా చదివితే, ఒడ్డుకు లాగి వదిలేయడాన్ని గాని నీటిలో విడిచిపెట్టడాన్ని గాని బుద్ధుడు తప్పుపట్టలేదు, తప్పుపట్టింది మోయడాన్ని మాత్రమే. పని ముగిసిన పిలార్, కుర్సురా ఒడ్డున ఉండడం ఆయన మాటకు విరుద్ధం కాదు. ఇంకా తేలుతున్న పడవకు పలకలు వేయించి నీటి మీద నడిపేవాడు మోస్తున్నాడనలేం, వాణ్ణి పడవే మోస్తోంది. గ్యారేజీలో తొడుగు కప్పి, ఏటా తుడిచి, నీటికి ఎన్నడూ చూపనివాడికి మాత్రం ఈ సుత్తం సూటిగా తగులుతుంది.

హెమింగ్వేలా సరదా కోసం చేప పట్టడం గురించి బౌద్ధం చెప్పేది ఇంకా కఠినం. అశోకుడు 5వ స్తంభశాసనంలో కొన్ని పర్వదినాల్లో చేపలు పట్టరాదని, అమ్మరాదని శాసించాడు. అప్పటికి ఆలోచన బతుకుదెరువు వేట గురించే. ఆకలి లేకుండా గాలం వేసి, పట్టిన చేపను ఫోటో తీసి వదిలిపెట్టే ఆటను ప్రాణాతిపాత విరమణ, అంటే జీవహింస మానుకొనే శీలం, ఏ వాదంతోనూ సమర్థించదు. పడవ మీది ప్రేమకు అందులో వాటా ఇవ్వవలసిన అవసరం లేదు. గాలం లేని పడవ కూడా పడవే.

పల్నాడు జిల్లా నూజెండ్ల వంటి మెట్టప్రాంతంలో నీటిదారి ప్రశ్న ఇంకో రూపం తీసుకుంటుంది. చేరువలోని గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి, కంభం చెరువును నింపి, వినుకొండ ప్రాంతం మీదుగా అద్దంకి వైపు సాగి బంగాళాఖాతంలో కలిసే వాననది; ఏడాది పొడవునా పడవను మోసే నీరు దానిలో ఉండదు. డెల్టా సంగతి వేరు: 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో విజయవాడ ఆనకట్ట పూర్తయ్యాక కాలువలను లాకులతో పడవలకూ అనువుగా తీర్చారు, కాకినాడ నుంచి ఏలూరు, విజయవాడ, కొమ్మమూరు కాలువ, పెదగంజాం మీదుగా బకింగ్‌హాం కాలువలో పడి మద్రాసు వరకు పడవ నడిచేది. 2008లో దీన్నే 4వ జాతీయ జలమార్గంలో చేర్చి, ఆ తర్వాత కృష్ణలో ముక్త్యాల వరకు తొలి దశ తలపెట్టారు. ఆ పైన పులిచింతల, సాగర్ ఆనకట్టలను దాటే పడవదారి లేదు. కనుక కాకినాడలో పాత పడవ కొన్న నూజెండ్ల మనిషి, డెల్టా కాలువలన్నీ బాగుపడినా, దాన్ని నీటి మీద ఇంటికి తెచ్చుకోలేడు. దాన్ని లారీ ఎక్కించడం కంటే, నీరున్న చోటే పడవకు ఇల్లు చూసి తానే అక్కడికి పోతూ ఉండడం నాగార్జునుడి మాటకు దగ్గరగా ఉంటుంది. ఎక్కడ కట్టినా సాగర్ జలాశయంలో తేలే పడవ కావాలనుకుంటే, విజయపురి సౌత్ రేవుకు వినుకొండ, కారంపూడి, మాచర్ల మీదుగా రోడ్డు ఉంది.