పాత మసి, కొత్త మసి

పత్తి మంట పెద్దగా కనిపించదు. బోరెంలో పడిన నిప్పు లోలోపల గంటల తరబడి రాజుకుంటుంది. పైకి తెలిసేది పొగే. ధర కోసం ఎదురుచూస్తూ పత్తిని ఇంట్లోనే నిల్వ ఉంచుకునే పర్చూరు ప్రాంతపు కుటుంబాలకు ఈ సంగతి వేరే చెప్పనక్కర లేదు. పక్కన ఎండుమిర్చి టిక్కీలు కూడా ఉంటే ఇక ఆ వీధిలో ఎవరూ నిలవలేరు. నాలుగు మిరపకాయలు పొయ్యిలో పడితేనే ఇల్లంతా దగ్గుతుంది కదా!

కొన్నేళ్ళ క్రితం మా ఇంటి వసారాలో అలాంటిదే జరిగింది. స్విచ్ బోర్డులో పుట్టిన నిప్పురవ్వ పత్తి మీద పడింది. అల్హందులిల్లాహ్, ప్రాణాలు దక్కాయి. గోడలు నిలిచాయి. కాని తెల్లవారేసరికి మూడు గదులు, పరుపులు, బీరువాలోని బట్టలు, చివరికి అటక మీది ఇత్తడి సామాను కూడా నల్లబడిపోయాయి. ఇంటి మరమ్మతుకు బ్యాంకు అప్పు తీసుకున్నాం కాబట్టి అగ్నిబీమా ఉంది. సర్వేయరు వచ్చి చూస్తాడని కబురొచ్చింది.

మా వంటగది గోడకు ఇరవై ఏళ్ళ కట్టెల పొయ్యి మసి అంతకుముందే ఉంది. “దాన్ని కూడా కలిపి రాయించండి భాయ్, ఎవరికి తెలుస్తుంది? కంపెనీ సొమ్మే కదా!” అని పరామర్శకు వచ్చిన వారిలో ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, మా మీద జాలితోనే అన్నారు. దాచుకోవడం ఎందుకు, ఆ మాట ఆ రాత్రి మాకూ తీపిగానే వినిపించింది.

అగ్నిబీమా ఆకస్మికంగా జరిగిన నష్టానికి. మంట తగలకపోయినా, నిజంగా అంటుకున్న నిప్పు వల్ల వచ్చిన పొగ చేసిన నష్టం ఆ లెక్కలోకే వస్తుంది. కాబట్టి వాసన పట్టిన పరుపును రాయించడంలో తప్పు లేదు, అది మన హక్కు. రోజూ వంట చేయగా చేయగా పేరుకున్న మసి ఆ లెక్కలోకి రాదు. రెండు మసులూ ఒకే రంగులో ఉంటాయి. తేడా తెలిసినవాడు ఇంటివాడొక్కడే. బీమా ఒప్పందానికి పరిపూర్ణ విశ్వాసం పునాది అని చట్టం చెప్పేది కూడా ఇందుకే. ఇంట్లో ఏముందో కంపెనీకి తెలియదు, మనం చెబితేనే తెలుస్తుంది.

ఇక ‘కంపెనీ సొమ్ము’ సంగతి. ఆ సొమ్ము ఆకాశం నుంచి ఊడిపడలేదు. కిరాణా కొట్టు యజమాని, జిన్నింగు మిల్లువాడు, మనలాగే అప్పు చేసి ఇల్లు బాగు చేయించుకున్నవాడు కట్టిన ప్రీమియాల నుంచే క్లెయిములు చెల్లిస్తారు. అబద్ధపు క్లెయిములు పెరిగితే ఆ భారం చివరకు వాళ్ళ మీదే పడుతుంది. ముఖం తెలియని వాడి జేబులో చెయ్యి పెడితే అది దొంగతనం కాకుండా పోతుందా?

దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలోకి చెయ్యి పోనిచ్చి చూశారు. లోపల తడి తగిలింది. వాన పడిందని వర్తకుడు చెప్పుకున్నాడు. తడిసిన గింజల్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన (స) ప్రశ్నించారు, మోసం చేసేవాడు తన వాడు కాడని హెచ్చరించారు. పత్తికి నీళ్ళు చల్లి తూకం పెంచేవాణ్ణి మనం తిట్టుకుంటాం. మసి లెక్క పెంచేవాడు చేసేదీ అదే పని కాదా? మరొక హదీసు మమ్మల్ని ఇంకా ఎక్కువ భయపెట్టింది. వాదనలో నేర్పరి అయిన వాడి మాట విని తాను తీర్పు ఇవ్వవచ్చనీ, అలా తన సోదరుని హక్కును పొందినవాడు పట్టుకెళ్ళేది నిప్పు ముక్కేననీ ఆయన (స) తెలియజేశారు. ఒక నిప్పును ఆర్పిన మరునాడే ఇంకొకదాన్ని ఇంట్లోకి తెచ్చుకోవడం ఎలా?

బీమాయే వివాదాస్పదం కదా, అందులో నిజాయితీ ఏమిటి అని కొందరంటారు. నిజమే, 1985 డిసెంబరులో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ వాణిజ్య బీమాను నిషిద్ధమని తీర్మానించి, పరస్పర సహకార బీమాను ప్రత్యామ్నాయంగా చూపింది. మన దేశ పరిస్థితులను బట్టి సడలింపు ఇచ్చిన ఉలమాలూ ఉన్నారు. ఆ చర్చ ఇక్కడ మా పని కాదు. ఎటువైపు ఉన్నవారికైనా అబద్ధం అబద్ధమే.

వంటగది మసి పాతదని సర్వేయరుతో చెప్పాం. ఆయన ఒకసారి తలెత్తి చూసి రాసుకున్నాడు. మెచ్చుకోనూ లేదు, మొత్తం పెంచనూ లేదు. పైగా బట్టలకు తరుగుదల కింద మేము అనుకున్నదాని కన్నా ఎక్కువే కోశాడు. ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. న్యాయంగా రావలసినదాన్ని అడగకపోవడం తఖ్వా కాదు. కోత ఎందుకో రాతపూర్వకంగా అడగండి. కంపెనీ జవాబు సంతృప్తినివ్వకపోయినా, నెల రోజుల్లో జవాబే రాకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. మన ఆడవాళ్ళు నల్లబడ్డ ఇంటిని ఒక్క పూట కూడా చూడలేరు, వెంటనే కడగబోతారు. మా ఇంట్లోనూ బకెట్టు తెచ్చేశారు. సర్వేయరు చూసేదాకా ఆగాలి, ఫోటోలు తీసి ఉంచుకోవాలి. పైగా తడిగుడ్డతో తుడిస్తే మసి ఇంకా లోపలికి ఇంకుతుంది.

అసలు బాకీ మాకు ఆ తర్వాతే కనిపించింది. మా పొగ పక్కింటి గోడను కూడా నల్లగా చేసింది. మా పాలసీ మా ఇంటికే, ఆ గోడకు పైసా రాదు. దాన్ని మా గోడగా రాయిస్తే మళ్ళీ అబద్ధమే. పక్కింటి అన్నయ్య నోరు తెరిచి ఏమీ అడగలేదు. అడగకపోతే బాకీ తీరినట్టేనా?

ఉస్మానియా రాజ్యంలో 1869-76 మధ్య హనఫీ ఫిఖ్ ఆధారంగా కూర్చిన ‘మజల్లా’ అనే న్యాయస్మృతిలో అచ్చంగా ఈ విషయమే ఉంది. ఇంటి పక్కన పొయ్యి కట్టి, దాని పొగతో ఆ ఇంటివారు ఉండలేని స్థితి తెస్తే ఆ హానిని తొలగించి తీరాలని 1200వ నిబంధన చెబుతుంది. హాని ఎంత పాతదైనా హక్కుగా మారదని అదే గ్రంథంలోని 7వ నిబంధన. పొలంలో పత్తి కట్టె తగలబెట్టి, గాలి ఊరి వైపు వీస్తున్నా ‘ఏటా చేసేదే కదా’ అనుకునే మనందరికీ ఇది వర్తిస్తుంది.

క్లెయిము డబ్బు చేతికి రాకముందే పక్కింటి గోడకు సున్నం వేయించాం. డిస్టెంపరు వేయిస్తామంటే అన్నయ్య ఒప్పుకోలేదు, “సున్నం చాల్లే భాయ్” అన్నాడు. వారం తిరగకుండా మసి మళ్ళీ పసుప్పచ్చగా పైకి తేలింది. రెండోసారి డిస్టెంపరే వేయించాం.